పొలిమేర లోపల

25 నవంబర్ 2024, సోమవారం

కార్తీకంలో ఆఖరి సోమవారం. తెల్లారకముందే మొదలైంది మా వేములవాడ రాజన్న భక్తుల తాకిడి. ధర్మగుండంలో మునిగి తడిబట్టలతో వచ్చేవాళ్లు, కోడె మొక్కుకు వరస కట్టినవాళ్లు, తలనీలాలిచ్చిన చంటిపిల్లల ఏడుపు, అన్నీ మా గల్లీ దాకా. పాల ప్యాకెట్టుకని పోయి ఎంతసేపటికో తిరిగొచ్చాను.

నిన్న ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. వచ్చే నెల 25కు మెదక్ చర్చికి నూరేళ్లు నిండుతాయి కాబట్టి బస్సు మాట్లాడాలన్నది మొదటి ముచ్చట. అది తొందరగానే తేలింది. రెండోది మిషన్ కానుక. ఎప్పట్లాగే జార్ఖండ్‌లో ఉన్న సువార్తికుడికి పంపుదామన్నారు. నేనూ చెయ్యెత్తాను. అప్పుడు వెనక బెంచీలోంచి మా యూత్ పిల్లగాడొకడు లేచాడు.

"అంత దూరం ఎందుకమ్మా? సోమవారం సోమవారం గుడి కాడ కరపత్రాలు పంచుదాం. జనం మన గుమ్మం ముందటికే వస్తున్నరు గదా."

దూరం ఎందుకన్నంత వరకు వాడి మాటే నా మాట. మిగతాది కుదరదని గట్టిగానే చెప్పాను. కోడె పగ్గం పట్టుకుని మొక్కు తీర్చుకోవడానికి నిలబడ్డ మనిషి చేతిలో కాగితం పెట్టడమంటే, పెళ్లింటికి పిలవకుండా పోయి పెళ్లికొడుకు బాగాలేడని చెప్పినట్టే. గుళ్ల దగ్గర వేరే మతాల ప్రచారం కూడదని ఉమ్మడి రాష్ట్రంలో 2007లోనే చట్టం వచ్చింది. చట్టం రాకముందు మాత్రం మర్యాద లేదా? ఈ గుళ్లోనే దర్గా ఉంది. రాజన్నకు మొక్కినవాళ్లే అక్కడా మొక్కి పోయారు తరతరాలుగా. పక్కవాడి దేవుడి దగ్గర ఎట్లా నడుచుకోవాలో ఈ ఊరికి మా కమిటీ చెప్పనక్కర్లేదు.

పిల్లగాడి మొహం చిన్నబోయింది. వాడి ఉత్సాహం పోగొట్టుకోవద్దు. దానికి పని చూపించాలి.

2 డిసెంబర్, సోమవారం

సిరిసిల్ల పోయాను. నాతో దవాఖానలో డ్యూటీలు చేసిన సిస్టర్ ఒకామె కాలు విరిగి మంచంలో ఉంది. ఒకప్పుడు ఆ వీధిలో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడుకు పక్క మనిషి మాట వినపడేది కాదు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో గడిచింది. ఈ ఏడు ఆ ఆర్డరు రాలేదు. ఇవాళ సగం షెడ్లకు తాళాలే. కండెలు చుట్టే ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని ఆసామి ఎప్పుడు పిలుస్తాడా అని చూస్తున్నారు.

మాట్లాడుతుంటే గోడ అవతల దగ్గు. ఆగడం లేదు. నర్సు చెవికి ఆ దగ్గు వేరుగా వినిపిస్తుంది. "ఎవరే?" అంటే, "హిందీ పిల్లలు అక్కా, నడుస్తున్న సాంచాల మీద పనికొచ్చినోళ్లు" అంది.

పోయి చూశాను. ఒక్క రేకుల గది, అయిదు చాపలు, మూలకు గ్యాస్ పొయ్యి. దగ్గుతున్నవాడికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. చొక్కా మీద దారం దుమ్ము. నాకొచ్చిన దవాఖాన హిందీలో అడిగాను: ఎన్నాళ్ల నుంచి, సాయంత్రం జ్వరం వస్తోందా, రాత్రి చెమటలు పడుతున్నాయా. అన్నిటికీ తలూపాడు. ఏ ఊరంటే జార్ఖండ్, సిమ్‌డేగా జిల్లా అన్నాడు. అంతలో అతని తల దగ్గర గోడకు వేలాడే చిన్న చెక్క సిలువ కనిపించింది.

లూథరన్లట. తాతల నాటి నుంచి. మొన్న మేము కమిటీలో చేతులెత్తింది ఆ రాష్ట్రానికే. గోస్నర్ మిషన్ జర్మన్ పాదిరీలు 1845లో రాంచీ చేరారు. అప్పటికి మా మెదక్, కరీంనగర్ పల్లెల్లో వెస్లియన్ మిషన్ అడుగే పెట్టలేదు. హైదరాబాద్ రాజ్యంలో విలియం బర్జెస్ పని మొదలైంది 1870లు ముగిసే వేళకు. లెక్క చూస్తే వాళ్లు మాకు పెద్దన్నలు. ఈ పిల్లవాడు సిరిసిల్ల వచ్చి రెండేళ్లయిందట. ఈ రెండేళ్లలో ఒక్క ఆదివారం కూడా ఏ చర్చిలోనూ కూర్చోలేదు. ఎందుకంటే, "భాష రాదు, ఎవరూ పిలవలేదు" అన్నాడు.

వేములవాడ నుంచి సిరిసిల్లకు బస్సులో అరగంట.

4 డిసెంబర్, బుధవారం

పొద్దున ఏడున్నరకు భూమి కదిలింది. టీవీలో ములుగు అంటున్నారు, తీవ్రత 5.3 అట. నాకు తెలియనే లేదు, పొయ్యి దగ్గరున్నాను. పక్కింటి కోడలు మాత్రం బిడ్డను చంకనేసుకుని ఉరికొచ్చింది. ఇన్నేళ్లుగా పక్కపక్కనే ఉన్నా నా ఇంట్లో ఆమె కూర్చోవడం ఇదే మొదటిసారి.

భయం తగ్గాక చాట కూడా ఇక్కడికే తెచ్చుకుంది. తడిగుడ్డలో చుట్టిన తునికాకు తీసి, అచ్చు పెట్టి కత్తిరించి, తంబాకు పరిచి, చిటికెన వేలితో కొస మడిచి, దారం చుట్టి పక్కన పడేయడం. మాట ఆగినా చెయ్యి ఆగదు. భర్త సౌదీలో ఉన్నాడని తెలుసు. కఫీల్, అంటే అక్కడి యజమాని, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్నాడని, జీతం అందక నెలలవుతోందని ఇవాళే తెలిసింది. కోరుట్ల ఏజెంటు ఫోనెత్తడం లేదట. "ఎవలకు చెప్పాల్నో తెల్వదు పెద్దమ్మా" అంది.

చెప్పడానికి చోటుంది. విదేశాంగ శాఖ 2015లో మదద్ అని పోర్టల్ పెట్టింది. అందులో ఫిర్యాదు నమోదైతే అక్కడి ఎంబసీకి పోతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో గల్ఫ్ మనిషి లేని గల్లీ వెతికితే దొరుకుతుందేమో గాని, ఇది తెలిసిన ఆడమనిషి మాత్రం దొరకదు.

కరపత్రాల పిల్లగాడికి ఫోన్ చేశాను. లాప్‌టాప్ తెచ్చుకుని వచ్చాడు. పాస్‌పోర్టు కాపీ, వీసా కాగితం, కంపెనీ పేరు అన్నీ ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. ఫిర్యాదు నంబరు వచ్చింది. ఆమె ఆ నంబరును బీడీ లెక్కల పుస్తకం వెనక రాసుకుంది. పోతూపోతూ రాజన్న ప్రసాదం బెల్లంముక్క మా ఇద్దరి చేతుల్లో పెట్టింది. పిల్లగాడు నావైపు చూశాడు. నేను తిన్నాను. వాడూ తిన్నాడు.

6 డిసెంబర్, శుక్రవారం

సిమ్‌డేగా పిల్లవాణ్ని సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. రెండు వారాలు దాటిన దగ్గుకు గళ్ల పరీక్ష చేయాల్సిందే. టీబీ అని తేలింది. మందులు ఉచితం, ఆరు నెలలు మానకుండా వాడాలి. పోషణ కింద నెలనెలా ఇచ్చే 500 ఈ నవంబర్ నుంచి 1000 అయింది, కాని అది పడాలంటే బ్యాంకు ఖాతా కావాలి. అతని ఖాతా ఊళ్లో ఉంది, పాస్‌బుక్ తల్లి పెట్టెలో ఉంది. ఇట్లాంటి చోటనే మనిషి తోడు కావాల్సింది. మాత్రలు మింగిన నెలకు ఒళ్లు తేలికైతే మానేస్తారు. మానేయకుండా చూడడం డాక్టరు చేతిలో లేదు, అరగంట దూరంలో ఉన్న మనుషుల చేతిలో ఉంది.

15 డిసెంబర్, ఆదివారం

స్త్రీల మైత్రిలో నన్ను మాట్లాడమన్నారు. మార్కు సువార్త అయిదో అధ్యాయం తీసుకున్నాను. దయ్యాలు వదిలిన ఆ గెరాసేనీయుడు యేసు వెంట పడవెక్కుతానని బతిమాలుకుంటాడు. ప్రభువు ఎక్కనివ్వడు, ఇంటికి పొమ్మంటాడు, సొంతవాళ్ల దగ్గరికి. సమాధుల్లో గొలుసులు తెంపుకుంటూ తిరిగిన మనిషిని ఎరిగిన ఊరది. అక్కడికి తిరిగి పోవడం పడవెక్కడం కంటే ఎంత కష్టమో ఆలోచించండి అన్నాను. జార్ఖండ్‌లో నా కోపం ఎవరికీ తెలియదు. నల్లా నీళ్ల కాడ నేనెట్లా పోట్లాడతానో ఈ గల్లీకి తెలుసు. కానుక కవరు పంపడం తేలిక అనిపించడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం. ఇద్దరు ముగ్గురు నవ్వారు, ఒకామె నవ్వలేదు.

ఎర్రగుంట్ల పేరయ్య సంగతి కూడా చెప్పాను. 1866లో బాప్తిస్మం పొందిన మాదిగ పెద్ద. చదువు లేదు. తోళ్ల బేరానికి తిరిగిన ఊళ్లే, బంధువుల ఇళ్లే ఆయన సువార్త దారులు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు ఇచ్చారని బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర పేరు చెప్పుకుంటాం. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ పల్లెలు నడిచినవాళ్లు పేరయ్య లాంటివాళ్లు. దొర గురించి ఒక్కటి మెచ్చుకోవాలి. కరువులో బకింగ్‌హాం కాలువ పని ఇప్పించాడు గాని, పని నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు, బియ్యం కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఇవాళ మనల్ని ఆ మాటే అంటుంటారు. అన్నవాళ్ల మీద కోపం కంటే, అనే వీలు మనం ఇస్తున్నామా అని చూసుకోవడం నయం.

ఆ తెలుగు బాప్టిస్టులే 1897లో సొంతంగా హోం మిషన్ సంఘం పెట్టుకున్నారు. 1903లో జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికా నేటాల్‌కు పంపారు, చెరుకు తోటల్లో కూలికి పోయిన మన తెలుగువాళ్ల కోసమే. సముద్రం దాటినా ఆయన పోయింది సొంతవాళ్ల దగ్గరికి. దుబాయి, సౌదీ క్యాంపుల్లో మా జిల్లా పిల్లలున్న కాలంలో ఈ ముచ్చట గుర్తుపెట్టుకోవాలి.

25 డిసెంబర్, బుధవారం

బస్సు రాత్రే మెదక్ పోయింది. నేను పోలేదు, మోకాళ్లు ఒప్పుకోవు. టీవీలో చూశాను. ముఖ్యమంత్రి వచ్చాడు, జనం ఇసుక వేస్తే రాలనంత. 1914లో మొదలై 1924 క్రిస్మస్‌కు ప్రతిష్ఠ జరిగిన గుడి. కరువులో ఆ కట్టడం ఎంతమందికి కూడు పెట్టిందో మా పెద్దవాళ్లు కథలుగా చెప్పేవారు. ఆ గుడి కట్టించిన పోస్నెట్ దొరను తలుచుకున్నారు, తలుచుకోవాల్సిందే. గుడ్డసంచిలో బైబిలు పెట్టుకుని ఎండలో ఊళ్లు తిరిగిన బైబిల్ అమ్మలను ఎవరూ తలవలేదు. బాలింతకు కారం ఎంత పెట్టాలో, పిల్లకు పలక ఎందుకు కొనాలో చెప్పినవాళ్లు వాళ్లే. నాకు నర్సు చదువు చెప్పించింది కూడా అట్లాంటి అమ్మే.

నాకు డిచ్‌పల్లి కూడా గుర్తొచ్చింది. 1915లో ఇసబెల్ కెర్ కుష్ఠు రోగులకు అక్కడ ఆస్పత్రి మొదలుపెడితే, పెద్ద మొత్తం ఇచ్చిన దాత నిజామాబాద్ నర్సాగౌడ్, హిందువు. పని మంచిదైతే ఏ ఇంటి సొమ్మైనా వస్తుంది.

సాయంత్రం సిరిసిల్ల నుంచి ముగ్గురు వచ్చారు. సిమ్‌డేగా పిల్లవాడు రాలేదు, ఇంకా నీరసం. కేకు వాళ్లకు పెద్దగా నచ్చలేదు, సకినాలు మాత్రం గిన్నె ఖాళీ చేశారు. సాద్రి భాషలో పాటలు పాడారు. పక్కింటి కోడలు గోడ మీదుగా చూసి, తర్వాత లోపలికే వచ్చి కూర్చుంది. సౌదీ నుంచి ఇంకా కబురు లేదు. ఎంబసీవాళ్లు కంపెనీకి రాశారని మాత్రం పోర్టల్లో కనిపిస్తోందట.

1 జనవరి 2025, బుధవారం

అజరయ్యగారు పోయి ఇవాళ్టికి 80 ఏళ్లు. దోర్నకల్ బిషప్పు, 1912లో ఆంగ్లికన్ బిషప్పు అయిన మొదటి భారతీయుడు. తిరునెల్వేలి తమిళుడు. 1903లో అక్కడివాళ్లు పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీకి ఆయన ముఖ్యుడు. ఆ సొసైటీయే నైజాం రాజ్యంలో దోర్నకల్ వైపు పని ఎత్తుకుంది, ఆయన కూడా వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. కొత్తగా బాప్తిస్మం పొందిన కూలీ సైతం తన వాడకు తానే సాక్షి కావాలని పట్టుబట్టేవాడు. ఎంత చదివాడని అడిగేవాడు కాదు.

రాత్రి ఆరాధనలో మా పాస్టరు అయ్యగారికి ఇదీ, సిరిసిల్ల సంగతీ చెప్పి, సంఘానికి నోటీసు రాసివ్వమంటారా అని అడిగాను. రాయమన్నారు.

11 జనవరి, శనివారం

రేపు చదవాల్సిన నోటీసు. సెక్రటరీ రెండుసార్లు దిద్దాడు, నేను మూడోసారి మళ్లీ మొదటి మాటలే పెట్టాను.

"సంఘస్థులకు మనవి. సిరిసిల్ల సాంచాల మీద పనిచేసే జార్ఖండ్, ఒడిశా, బీహార్ అన్నదమ్ములను చూడడానికి నెలలో రెండో ఆదివారం సాయంత్రం పోతున్నాం. హిందీ వచ్చినవాళ్లు ముఖ్యంగా కావాలి. క్రైస్తవులైనవాళ్లను ఆరాధనకు పిలుస్తాం, కానివాళ్లకు బీపీ, షుగర్ చూసి వస్తాం. కరపత్రాలు వద్దు. గల్ఫ్ కాగితాల పని ఉన్న ఇరుగుపొరుగు ఎవరైనా, ఏ మతంవారైనా, శనివారం పొద్దున పార్సొనేజికి రావచ్చు, యూత్ పిల్లలు నింపి పెడతారు, పైసా తీసుకోరు. జార్ఖండ్ కానుకలో తగ్గింపు లేదు. సిరిసిల్ల బస్సు చార్జీలు ఎవరివి వారే పెట్టుకోవాలి."