శీతోష్ణస్థితి: మన పిల్లలు నేర్పిన మాట



పోయిన ఆదివారం హోసూరులో మన సంఘం నడిపే తెలుగు తరగతిలో ఒక పాప అడిగింది: "శీతోష్ణస్థితి అంటే ఏమి?" మేము తడుముకోకుండా "వాతావరణం" అనేశాం. ఇంటికొచ్చి ఆలోచిస్తే అది సరైన జవాబు కాదని తెలిసింది.

వాతం, ఆవరణం కలిస్తే వాతావరణం. భూమిని చుట్టుకొన్న గాలి అన్నమాట. ఈ పూట వాన పడుతుందా, ఎండ కాస్తుందా అన్నదానికీ ఆ మాటే వాడుతున్నాం. శీతోష్ణస్థితి వేరు. శీతం, ఉష్ణం, స్థితి: ఒక చోట చలీ వేడీ ఏండ్ల తరబడి ఎట్లా ఉంటున్నాయో చెప్పే మాట. మామూలుగా 30 ఏండ్ల సగటు చూసి చెప్తారు.

ఈ ఆదివారం మా తప్పు ఒప్పుకొని ఇదంతా చెప్పాం. వెనక కూర్చున్న పిల్లవాడు బెదురుతూ అడిగాడు: "మా బడిలో తట్పవెప్పనిలై అంటారు, అదేనా?"

అదే! తట్పం చలువ, వెప్పం వేడి, నిలై స్థితి. ముక్కకు ముక్క సరిపోయింది. పైగా వెప్పం మన 'వెచ్చన'కు, నిలై మన 'నిలకడ'కు చుట్టాలే.

ఇంగ్లీషు 'క్లైమేట్'కు మూలం గ్రీకు మాట 'క్లిమా'. దానికి వాలు అని అర్థం. ఆ వాలు మనకు కొత్త కాదు. కృష్ణగిరిలో బస్సెక్కి సూళగిరి మీదుగా హోసూరు చేరేలోగా 50 కిలోమీటర్లలో 350 మీటర్లకు పైగా ఎత్తుకు వస్తాం. కింద వేడికి మామిడి, పైన చలువకు గులాబీ. శీతోష్ణస్థితి అంటే ఏమిటో ఆ బస్సు కిటికీలోనే కనిపిస్తుంది.

ఆ పిల్లవాడు బెదిరింది ఎందుకో తెలుసా? "తరగతిలో తమిళం వద్దు" అని కట్టడి పెట్టింది మేమే. 2006 చట్టం తరువాత బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. పిల్లలు చదివేది అందులోనే. తెలుగు పెద్దమాటలు రాకపోవడం వాళ్ల తప్పా? వాళ్లకు తెలిసిన మాటను మెట్టు చేసుకొని మన మాట అందుకొంటే తెలుగుకు పోయేదేమీ లేదు.

ఆ కట్టడి ఎత్తేశాం. వచ్చే ఆదివారం మీ పిల్లలను పంపండి. బడిలో నేర్చిన ఒక తమిళ మాటను వెంట తెమ్మనండి. దాని తెలుగు చుట్టాన్ని అందరం కలిసి వెతుకుదాం.