గంగ ఒడ్డున ఒక పాటల తగవు

హృషీకేశం వెళ్ళివచ్చిన మనవాళ్ళు చెప్పే సంగతులు చాలా వరకు ఒకే తీరుగా ఉంటవి. త్రివేణీ ఘాట్‌లో స్నానం, సాయంకాలం హారతి, రామ్ ఝూలా మీద కోతుల బెడద, తిరుపతి దేవస్థానం వారి ఆంధ్రాశ్రమంలో దర్శనం, తిరుగుదారిలో హరిద్వారం. గంగకు ఆవలి ఒడ్డున స్వర్గాశ్రమం దాటి కొంచెం దూరం నడిస్తే అడవిలో పాడుపడిన ఆశ్రమం ఒకటి ఉన్నదనీ, దాన్ని చూడడానికి సముద్రాలు దాటి జనం వస్తారనీ, వచ్చినవారు జపతపాలు మాని పాటల మీద తగవులాడుకొంటారనీ చెప్పినవారు తక్కువ. అందుకే ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

నన్ను అక్కడికి లాక్కుపోయినవాడు మా అక్క కొడుకు. బెంగళూరులో కాలేజీలో చదువుతూ గిటారు నేర్చుకొంటున్నాడు. నాకు ఆఫీసులో సెలవు దొరికి హరిద్వారం టిక్కెట్లు తీసుకొన్నానని తెలిసిన రోజునే, "మామా, చౌరాసీ కుటియా చూపిస్తానంటే నీ పెట్టె కూడా నేనే మోస్తాను" అన్నాడు. పెట్టె మోసిన మాట నిజం.

మీలో పెద్దవారి కోసం ఈ బీటిల్స్ ఎవరో చెప్పాలి. పిల్లలు ఈ పేరా వదిలేయవచ్చు. ఇంగ్లండులో లివర్‌పూల్ అనే రేవు పట్టణానికి చెందిన నలుగురు కుర్రవాళ్ళు: జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. వీరి మొదటి రికార్డు 1962 అక్టోబరులో వచ్చింది, 1970లో విడిపోయారు. అంటే రికార్డులు ఇచ్చిన కాలం ఎనిమిదేళ్ళకు మించదు. మా ఆఫీసులో ఒక ఫైలు కదలడానికి కూడా ఒక్కొక్కప్పుడు అంత కాలం పడుతుంది. ఆ ఎనిమిదేళ్ళలో వారు చేసిన పాటలను ఈనాటికీ లోకం పాడుకొంటున్నది. లెనన్‌ను 1980 డిసెంబరులో న్యూయార్కులో కాల్చి చంపారు. హారిసన్ 2001లో పోయాడు.

రామ్ ఝూలా దాటి కుడివైపుకు తిరిగి, గీతాభవన్ మీదుగా గంగ వెంబడే నడవాలి. అంగళ్ళు తగ్గి చెట్లు చిక్కబడతవి. రాళ్ళు పరచిన ఎత్తుదారి ఎక్కితే అటవీశాఖ వారి గేటు, టిక్కెట్టు కిటికీ. ఇది రాజాజీ పులుల అభయారణ్యంలోని భాగం. లోపల అడుగుపెట్టగానే గులకరాళ్ళు పొదిగిన గుమ్మటాల వంటి చిన్న చిన్న కుటీరాలు వరుసగా కనబడతవి. వంగి లోపలికి పోతే ఒక మనిషి కూర్చునేంత చోటు. ధ్యానానికి పైన ఇంకొక అర. చౌరాసీ అంటే ఎనభై నాలుగు. ఆ లెక్క సరిచూడాలని నేను బయలుదేరాను గాని, ఇరవై దాటేసరికి ఒక కొండముచ్చు ఎదురుగా కూర్చుని పళ్ళికిలించింది. లెక్క అక్కడితో ముగిసింది.

ఈ ఆశ్రమం కట్టించినవారు మహర్షి మహేశ్ యోగి. జ్యోతిర్మఠం శంకరాచార్యులు బ్రహ్మానంద సరస్వతి వారి శిష్యులు. 1960లలో అటవీశాఖ వద్ద సుమారు 14 ఎకరాలు గుత్తకు తీసుకొని, తమ ధ్యానపద్ధతి నేర్పే గురువులను తయారుచేయడానికి దీన్ని ఏర్పరచారు. గుత్త గడువు 1981లో తీరింది. తరువాత మనుషులు పోయారు, అడవి వచ్చింది. కప్పులు కూలినవి, గోడల్లో రావిచెట్లు మొలిచినవి. గోడలు దూకి వచ్చే అభిమానులను ఆపలేక కాబోలు, 2015 డిసెంబరులో అటవీశాఖ వారే శుభ్రం చేయించి, టిక్కెట్టు పెట్టి తలుపులు తెరిచారు.

నలుగురూ ఇక్కడికి వచ్చింది 1968 ఫిబ్రవరిలో. అంతకు ముందు సంవత్సరం ఆగస్టులో, వారు వేల్సులో మహర్షి బోధ వింటున్న రోజుల్లోనే, వారి వ్యవహారాలన్నీ చూసే బ్రయన్ ఎప్‌స్టీన్ లండనులో హఠాత్తుగా మరణించాడు. ఇంటి పెద్ద పోయిన కుటుంబం వలె అయిపోయారు. డబ్బుకు కొదవ లేదు, పేరుకు అంతకన్నా లేదు; లేనిది మనశ్శాంతి. ఆ స్థితిలో భార్యలతో, మిత్రులతో వచ్చి ఇక్కడ దిగారు. రింగో పది రోజులే ఉన్నాడు. చిన్ననాటి పెద్ద జబ్బుల వలన కడుపు సున్నితమై, మనవైపు తిండి పడదని ఒక పెట్టె నిండా డబ్బా చిక్కుడు గింజలు తెచ్చుకొన్నాడట. చాలామంది దీన్ని చెప్పుకొని నవ్వుతారు. కాశీయాత్రకు ఆవకాయ జాడీ, కందిపొడి లేకుండా బయలుదేరని మనవాళ్ళకు మాత్రం నవ్వే హక్కు లేదు. పాల్ అయిదు వారాలున్నాడు. జాన్, జార్జ్ ఏప్రిల్ 12 దాకా ఉన్నారు.

ధ్యానం మాట అటుంచి, ఇక్కడ పాటలు మాత్రం ఊటలా ఊరినవి. ముప్ఫై అని కొందరు, నలభై దాటినవని కొందరు. వాటిలో చాలా భాగం ఆ సంవత్సరం నవంబరులో, తెల్లని అట్టతో వచ్చిన జంట రికార్డులో చేరినవి. అందులో మొత్తం 30 పాటలు. ప్రూడెన్స్ ఫారో అనే అమ్మాయి కుటీరం తలుపు వేసుకొని రోజుల తరబడి ధ్యానంలో ఉండిపోతే, ఆమెను బయటికి రమ్మని బ్రతిమాలుతూ జాన్ ఒక పాట కట్టాడు. ఆశ్రమంలో తల్లిని చూడవచ్చిన ఒక అమెరికా యువకుడు మధ్యలో పులివేటకు పోయి, పులిని చంపి తిరిగివచ్చాడు. అతన్ని ఎత్తిపొడుస్తూ ఇంకొక పాట. ఆ పాట పుట్టిన చోటు ఈనాడు పులుల అభయారణ్యం కావడం చిత్రమే.

ఇక తగవు సంగతి. ఆశ్రమంలో ఒక పెద్ద ఉపన్యాసశాల ఉన్నది. పైకప్పు రేకులు అక్కడక్కడ ఊడి, ఎండ చారలు చారలుగా పడుతుంటుంది. 2012లో కొందరు చిత్రకారులు దాని గోడల నిండా బీటిల్స్ బొమ్మలు, మహర్షి బొమ్మ వేశారు. మేము వెళ్ళేసరికి అక్కడ ఏడెనిమిది మంది చేరి ఉన్నారు. లివర్‌పూల్‌లోనే పుట్టి పెరిగిన ఒక పెద్దావిడ, కలకత్తా నుంచి వచ్చిన, బ్యాంకులో పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషి, ఢిల్లీ కాలేజీ పిల్లలు ఇద్దరు, మరికొందరు దారినపోయేవారు. మావాడు గిటారు తీసి ప్రూడెన్స్ పాట మీటడం మొదలుపెట్టాడు. పాట ముగియగానే కలకత్తా ఆయన చప్పట్లు కొట్టి, వెంటనే ఒక ప్రశ్న వేశారు. ఆయనకు సితారు వచ్చును.

"బాబూ, బాగా వాయించావు. అయితే ఇక్కడ, ఈ గంగ ఒడ్డున కట్టిన పాటల్లో మన సంగీతం ఎక్కడ ఉన్నదో చూపించు. ఆ తెల్ల అట్ట రికార్డులో సితారు ఒక్క మోత లేదు!"

నాకు తెలియని ముచ్చట ఇది. విచారిస్తే నిజమే. భారతదేశానికి రాకముందు, 1965లోనే, 'నార్వీజియన్ వుడ్' అనే పాటలో జార్జ్ సితారు మీటాడు. 1966లో పండిత రవిశంకర్ వద్ద శిష్యరికం చేశాడు. 1967లో లండనులో ఉన్న భారతీయ వాద్యకారులతో ఒక పాట నడిపాడు. 1968 జనవరిలో, అనగా హృషీకేశం రావడానికి నెలరోజుల ముందు, బొంబాయిలో హరిప్రసాద్ చౌరాసియా వంటివారు వాయించగా 'ది ఇన్నర్ లైట్' రికార్డు చేసుకొని పోయాడు. అంతటివాడు తీరా గంగ ఒడ్డున రెండు నెలలు కూర్చుని లేచిన తరువాత వచ్చిన రికార్డులో మన వాద్యమే లేదు!

కలకత్తా ఆయన వాదం గట్టిదే. "సితారు వీరికి కొత్త చొక్కా. ఒక పండుగకు తొడిగారు, విప్పేశారు. దాని తరువాత తెల్లవాళ్ళ కచేరీల్లో సితారు ఒక మోజు అయిపోయింది. 1971లో బంగ్లాదేశ్ సహాయ కచేరీలో రవిశంకర్ గారు శ్రుతి చేసుకొంటూ ఉంటే, అదే పాట అనుకొని జనం చప్పట్లు కొట్టారు. శ్రుతికే ఇంత ఆనందిస్తే పాటకు ఇంకా ఆనందిస్తారని ఆయన చమత్కరించి ఊరుకొన్నారు. ఇదా మనకు దక్కిన గౌరవం?"

ఢిల్లీ పిల్లల్లో ఒకతె, "ఆ కచేరీ జరిగిందే రవిశంకర్ గారు అడిగితే జార్జ్ పూనుకొన్నందువల్ల గదా!" అన్నది. మావాడు మాత్రం గిటారు వదలలేదు. "నా వేళ్ళు చూడండి. మీటుకు బిళ్ళ వాడలేదు, వేళ్ళతో ఒక్కొక్క తీగను విడివిడిగా లాగుతున్నాను. ఈ పద్ధతి జాన్‌కు నేర్పింది డోనొవాన్ అనే స్కాట్లండు గాయకుడు, నేర్పింది ఈ ఆశ్రమంలోనే. ఇక్కడ కరెంటు గిటార్లు లేవు, డోళ్ళు లేవు, కేకలు పెట్టే జనం లేరు. వాళ్ళు 1966 ఆగస్టులో కచేరీలే మానుకొన్నారు, ఎందుకంటే జనం కేకల్లో తమ పాట తమకే వినబడలేదు. ఇక్కడ వినబడింది. ఈ చోటు ఇచ్చింది అదే" అన్నాడు.

వాడు ఇంత మాట్లాడగలడని మా అక్కకు కూడా తెలియదు. చదువు పాడుచేసుకొంటున్నాడని వాడి గిటారును బీరువాలో పెట్టి తాళం వేసిన ఇల్లు అది. ఈ సంగతి ఆమెకు ఎట్లా చెప్పాలా అని నేను ఆలోచనలో పడ్డాను.

నాకు మాత్రం ఇద్దరి మాటా సబబుగానే తోచింది. త్యాగయ్య తెలుగులో పాడింది కావేరి ఒడ్డున, తిరువయ్యారులో. ఆ కీర్తనల్లో కావేరి పాలు ఎంత, తెలుగు పాలు ఎంత అని ఎవరు తూస్తారు? మా ఇంటి ఆడపిల్లలు వాటిని కన్నడ లిపిలో వ్రాసుకొని నేర్చుకొంటారు. మదరాసు చుట్టాల పిల్లలు అరవ లిపిలో. పాటకు లోటేమీ రాలేదు. చోటు పాటలోకి వాద్యంగానే రావాలని లేదు, నిశ్శబ్దంగా కూడా రావచ్చు. సితారు సంగతిలో జార్జే నిజాయితీగా నడుచుకొన్నాడని నాకు అనిపిస్తుంది. పసితనం నుంచి సాధన చేసినవారి ముందు తాను నిలవలేనని గ్రహించి, మళ్ళీ గిటారుకు మరలిపోయాడు. చేతకానిదాన్ని చేతనైనట్లు చూపించుకొంటూ కూర్చోలేదు.

అయితే గుమాస్తాగా నాకు ఒక సంగతి గుచ్చుకొన్నది. ఆ 1967 నాటి లండను పాటలో దిల్‌రుబా, తంబురా, తబలా వాయించిన మనవాళ్ళ పేర్లు రికార్డు అట్ట మీద లేవట. అట్ట మీద ఎందరెందరో లోకప్రసిద్ధుల బొమ్మలు నిండి ఉన్నవి గాని, వాయించినవారి పేర్లకు చోటు చాలలేదు. అంతకు ముందటి ఏడాది రికార్డులో తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు మాత్రం వేశారు; అంటే వేయడం తెలియక కాదు. హాజరు పట్టీలో పేరు లేనివాడికి జీతం రాదు, చేసిన పని లెక్కకు రాదు. సితారు ఉన్నదా లేదా అన్నదానికంటె ఇది పెద్ద తగవు అని నేను అంటే, కలకత్తా ఆయన నా చేయి పట్టుకొని ఊపేశారు. లివర్‌పూల్ పెద్దావిడ ఏమీ అనలేదు. తన చిన్న పుస్తకంలో అనిల్ భగవత్ పేరు వ్రాసుకొని, అక్షరాలు సరిగా ఉన్నవో లేవో నాకు చూపించారు.

తరువాత మాట మహర్షి మీదికి పోయింది. చివరకు మిగిలిన ఇద్దరు ఎందుకు అలిగి వెళ్ళారు? ఆయన నడవడి మీద ఎవరో పుకారు పుట్టించారు, వీరు నమ్మారు. జాన్ కోపంతో ఆయన పేరు పెట్టి ఒక పాట కట్టి, జార్జ్ మాట మీద పేరు మార్చాడు. ఆ పుకారును జాన్ భార్య సింథియా నమ్మలేదు. అక్కడ ఉన్న నేరం ఏదీ రుజువు కాలేదు. జార్జ్ 1992లో లండనులో మహర్షి అనుయాయుల పక్షాన కచేరీ చేశాడు. మహర్షి 2008లో పోయిన మరుసటి ఏడు పాల్, రింగో ఇద్దరూ న్యూయార్కులో, పిల్లలకు ఆ ధ్యానం నేర్పించే నిధి కోసం పాడారు. "పాడినవాళ్ళే రాజీపడ్డారు, విన్నవాళ్ళం మనం ఇంకా పోట్లాడుకొంటున్నాం" అన్నారు పెద్దావిడ. అయినా పోట్లాట ఆగలేదు. జాన్ గొప్పా, పాల్ గొప్పా అన్న దగ్గర ఢిల్లీ పిల్లలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడడం మానేశారు.

అటవీశాఖ కాపలాదారు గడప మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. మీకు ఏ పాట ఇష్టమని అడిగాను. తనకు గఢ్వాలీ పాటలు తప్ప వేరే పట్టవన్నాడు. "రోజూ ఇంతే సాబ్. ఇద్దరు వస్తారు, పాడతారు, ఏడుస్తారు, పోట్లాడతారు. గోడల మీద పేర్లు చెక్కకుంటే చాలు" అన్నాడు. పక్క మేడలో పాత ఫొటోలు ఉన్నవి, తప్పక చూసి పొమ్మన్నాడు. అవి పాల్ సాల్జ్‌మన్ అనే కెనడా యువకుడు 1968లో తీసినవి. పూలదండలతో నలుగురూ, భార్యలూ, నడుమ మహర్షీ. ఒక పటంలో జాన్, పాల్ మెట్ల మీద కూర్చుని గిటార్లు మీటుకొంటున్నారు. కుర్తాలు వేసుకొన్న మామూలు పిల్లల్లా ఉన్నారు.

వెళ్ళదలచినవారికి ఒక మాట. పొద్దున్నే పోవడం మంచిది; సాయంకాలం గేటు మూసేస్తారు. తాగే నీళ్ళు వెంట తీసుకొనిపోవాలి. తినుబండారాలు సంచిలో పైకి కనబడేటట్లు పెట్టుకోకండి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఎత్తుదారి మెల్లగా ఎక్కాలి. మేము దిగివచ్చి గీతాభవన్ దగ్గర టీ తాగుతుంటే, కలకత్తా ఆయన మావాడి గిటారు ఒళ్ళో పెట్టుకొని, దాని మీద యమన్ రాగం పలుకుతుందా అని తీగలు సవరిస్తున్నారు. మావాడు ఆయన వేళ్ళ వంకే చూస్తున్నాడు. ఆఖరి పడవ పోతున్నదని పిలుపు వచ్చింది గాని, ఇద్దరిలో ఎవరూ లేవలేదు.