వేడి తగిలితే ముడుచుకునే జెల్



ఇంట్లో పసిపాప ఉంటే హైడ్రోజెల్ మీకు కొత్త కాదు. డైపర్ లోపలి పొడి తడిసి జెల్లీలా ఉబ్బుతుంది కదా, అదే. పొడవాటి పాలిమర్ గొలుసులను అక్కడక్కడ ముడులేసి వలలా చేస్తారు. ఆ ముడులే క్రాస్‌లింకులు. వలలోకి నీరు ఎంత చేరినా, ముడుల వల్ల గొలుసులు విడిపోయి కరిగిపోవు.

ఎనిమిదో తరగతికి పాలిమర్లు చెబుతూ పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్ గురించి కూడా చెప్పాను. పేరుకే క్లాసంతా నవ్వింది. దీని జెల్ చల్లటి నీటిలో ఉబ్బి ఉంటుంది. సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దాటిందా, నీరు వదిలేసి ముడుచుకుంటుంది. చల్లబరిస్తే మళ్లీ ఉబ్బుతుంది.

"హీట్ చేస్తే ఎక్స్‌పాండ్ అవ్వాలి కదా మేడమ్?" అన్నాడు చివరి బెంచీ అబ్బాయి.

పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు "ఇది ఎగ్జామ్‌లో వస్తుందా?" అని అడిగారు. రాదండీ. కానీ వ్యాకోచం పాఠం నిజంగా అర్థమైన పిల్లవాడే ఆ ప్రశ్న వేయగలడు. అతని పేపర్లో మార్కులకన్నా నాకు అదే ఎక్కువ చెప్పింది.

జవాబు ఇదీ. చల్లగా ఉన్నప్పుడు గొలుసులు నీటి అణువులను పట్టుకుని ఉంటాయి. వేడికి ఆ పట్టు సడలుతుంది, నీటితో పొసగని భాగాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి, నీరు బయటికి పోతుంది.

జపాన్‌లో తెరువో ఒకానో బృందం ఈ పాలిమర్‌ను కణాలు పెంచే పళ్లేలకు పలుచగా పూసింది. 37 డిగ్రీల దగ్గర కణాలు అంటుకుని పెరుగుతాయి. పళ్లెం చల్లబరిస్తే ఆ పూత నీరు పీల్చుకుంటుంది, కణాలు చిరగకుండా ఒకే పొరగా లేచి వస్తాయి.

పూతకు పెద్ద బలం అక్కర్లేదు. అదే జెల్‌తో కండరంలా పని చేయించాలంటే కావాలి. మామూలు జెల్ వేలితో నొక్కితే చితికిపోతుంది. ముడులు పెంచితే సరిపోతుందనుకుంటాం. అప్పుడు నీరు తక్కువ పడుతుంది, పెళుసవుతుంది. 2003లో హొక్కైడో విశ్వవిద్యాలయంలో జియాన్ పింగ్ గాంగ్ బృందం వేరే దారి చూపింది. ముడులు దగ్గరగా ఉన్న గట్టి వల ఒకటి, అందులోనే బాగా సాగే వదులు వల ఇంకొకటి. లాగినప్పుడు గట్టి వల అక్కడక్కడ తెగుతూ దెబ్బను తాను తీసుకుంటుంది, సాగే వల మొత్తాన్ని పట్టి ఉంచుతుంది. దాదాపు 90 శాతం నీరున్నా ఆ జెల్ అంత తేలిగ్గా చిరగదు. ఉష్ణోగ్రతకు స్పందించే జెల్‌లను గట్టిపరచడానికీ పరిశోధకులు ఈ రెండు వలల పద్ధతిని వాడుతున్నారు.

ఇంట్లో చేసి చూస్తామని పిల్లలు అడిగితే, మీరు పక్కనుండి కొత్త డైపర్‌లోని పొడిని నీటితో ఉబ్బించి, పైన ఉప్పు చల్లించండి. నీరు వదిలేస్తుంది. (ఇది వేడితో పని లేని జెల్.) రంగురంగుల వాటర్ బీడ్స్ మాత్రం చిన్నపిల్లలున్న ఇంట్లోకి తేవద్దు. మింగితే పేగుల్లో ఉబ్బి అడ్డుపడతాయి, ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించవు కూడా. ప్రయోగం అయ్యాక జెల్‌ను చెత్తబుట్టలో వేయించండి. సింక్‌లో పోస్తే పైపు పూడుకుపోతుంది.