పదునైదు మేకలు

చతురంగమున ఇరుపక్షముల బలగమును సమానము. మా మదనపల్లె, పుంగనూరు ప్రాంతములలో రచ్చబండలపై గీచి ఆడెడు పులిజూదము అట్టిది కాదు. (పేరున జూదమున్నను పందెము లేదు, సంస్కారప్రియులు శంకింపనక్కరలేదు.) 23 స్థానములు, 3 పులులు, 15 మేకలు. పులి మేకమీదుగా దుమికి అవతలి ఖాళీస్థానమున నిలిచినచో మేక పోవును. మేకకు దుముకుట లేదు. పులులను కదలనీయక కట్టివేయుటయే దాని గెలుపు. మూడు భాషలు కలియు కుప్పమున దీనినే తమిళులు ఆడుపులి ఆట్టమనియు, కన్నడిగులు ఆడుహులి ఆటయనియు అందురు. ఈ మూడు భాషలవారిలో ఒక్కరును మేకలకు పదునైదు కాయలిచ్చుట దానమనగా నేను వినలేదు.

ఈ సంగతి నాకు స్ఫురించుటకు కారణము జపానీయులు మిక్కిలి ఆదరించు గో అను ఆట. మదనపల్లెలో బడి ముగిసిన పిమ్మట కొందరు పిల్లలకు దీనిని నేర్పుచున్నాను. నిలువున 19, అడ్డమున 19 గీతలు, 361 కూడళ్లు. పెట్టిన రాయి కదలదు. ఎక్కువ చోటును చుట్టుకొన్నవారిది గెలుపు. నేర్పరికిని కొత్తవారికిని పోరు సమముగ సాగుటకై, కొత్తవారికి 2 మొదలు 9 వరకు నల్లరాళ్లను ముందే చుక్కలపై ఉంచనిత్తురు.

పుంగనూరు దగ్గరి పల్లెనుండి వచ్చిన బాలిక యొకతె, తన యింట బడికి వచ్చిన మొదటి ఆడపిల్ల, ఆ రాళ్లను తాకనొల్లదయ్యెను. “నాలుగు రాళ్లు తీసుకొని గెలిస్తే అది గెలుపెట్లవుతుంది సార్?” అనెను. ఆ ప్రశ్న ఆమెది కాదు. వసతిగృహమున చేరినప్పుడును, విద్యార్థివేతనము వచ్చినప్పుడును ఊరివారు ఆమె చెవిని వేసిన మాట అది. నేను ఉపన్యసింపలేదు. పులిజూదమున నీది ఏ పక్షమని అడిగితిని. మేకలన్నది. గెలిచిననాడు ఎవరైన నవ్విరా యంటిని. సమఉజ్జీల ఆటలో సైతము, నల్లరాళ్లవారు ముందాడుదురు గనుక, తెల్లరాళ్లవారికి జపానులో ఆరున్నర ముందే కలుపుదురనియు చెప్పితిని. ఆమె కొంతసేపు ఆలోచించి నాలుగు మూలలను నాలుగు రాళ్లుంచెను.

అయినను చాలనాళ్లు ఓడెను. ఆసరా గలవారిని ఓడించునది తరచుగా అశక్తి కాదు, భయము. నేనెచ్చట రాయి పెట్టిన అచ్చటనే బదులు పెట్టుచు నా వెంట పరుగిడుచుండెను. ముందే తనవైన నాలుగు మూలలను మరచుచుండెను. నిజమునకు తొందరపడవలసినవాడను నేను. తన రాళ్లు కలిసియుండి నావి విడిపోయినంతకాలము ఆమెకు దుడుకు పనిలేదు. వెనుక చోటు ఖాళీగా నున్న మేకయే పోవునుగదా యని ఒకనాడు తానే కనుగొనెను. నాటినుండి నా బెదరింపులలో నిజమైనదానికే బదులిచ్చి, తక్కినవానిని విడిచి, పెద్దచోట తానే ముందడుగు వేయసాగెను. రెండు రాళ్లు పోయినను కలతపడదు. మేకలనాడినవారికి ఆ లెక్క తెలియును.

ఇచ్చువారికిని నియమము కలదు. ఆసరా యిచ్చిన పిమ్మట మెత్తగ ఆడరాదు. ఓడినట్లు నటించి పిల్లలను మురిపించు పెద్దలున్నారు; నాకది గిట్టదు. గెలుపులు వరుసగా వచ్చినకొలది ఒక్కొక్క రాయిని తగ్గించుట మా వాడుక.

ఇప్పుడామె రెండు రాళ్లతో ఆడుచున్నది. పోయిన నెల మూడాటలలో రెండు నేనోడితిని. అందొకదానిని చూచుచు కూర్చున్న ఆమె తండ్రి, “ఇందులో పులి యాడుందమ్మా?” అని అడిగెను. ఆమె తల యెత్తక వ్రేలితో నన్ను చూపెను.