పిక్కకేం గుర్తుంటుంది

నా బల్ల సొరుగులో మందుల చీటీల పక్కన రెండు చింతపిక్కలుంటాయి. ఒకవైపు గచ్చు మీద అరగదీసి తెల్లగా చేసినవి. అష్టాచెమ్మా ఆడినవాళ్ళకి అవేమిటో చెప్పక్కర్లేదు. పిల్లల డాక్టరు సొరుగులోకి ఎలా వచ్చాయో చెప్పాలంటే మాత్రం నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి.

చాలా ఏళ్ళ కిందట, మా గోదావరి జిల్లాలోనే ఒక పల్లె నుంచి ఎనిమిది నెలల మగపిల్లాణ్ణి తీసుకొచ్చారు. పాలు తాగడం లేదు, ఊరికే ఏడుస్తున్నాడు అన్నారు. కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టుంది. పొట్ట మీద చెయ్యి వేస్తే ప్లీహం చేతికి గట్టిగా తగులుతోంది. రెండు నెలలుగా ఎవరో ఐరన్ చుక్కలు రాస్తున్నారు. హిమోగ్లోబిన్ 4 చిల్లర. తలసేమియా మేజర్.

తల్లిదండ్రులిద్దరి రక్తమూ పంపించాను. హిమోగ్లోబిన్ ఏ2 అనేది 3.5 శాతం దాటితే తలసేమియా క్యారియర్ అని అనుమానిస్తాం. ఇద్దరికీ ఐదు దాటింది. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. ఆమెకి ఎప్పుడూ కాస్త రక్తం తక్కువ అంటారట, అంతే. ఇద్దరికీ ఒకే లోపం ఉండడంలో వింతేమీ లేదు. ఆ అమ్మాయి చేసుకున్నది సొంత మేనమామని. వెంట వచ్చిన పెద్దావిడ ఆ అమ్మాయికి అమ్మమ్మా, అత్తగారూ కూడా. లోపమున్న ఒకే జన్యువు ఆవిడ నుంచో, కాలం చేసిన ఆమె భర్త నుంచో అటు కొడుక్కీ, ఇటు కూతురి మీదుగా మనవరాలికీ దిగి, ఈ పిల్లాడి దగ్గర కలుసుకుంది.

నేను కాగితం తీసి నాలుగు గళ్ళు గీశాను. కేంబ్రిడ్జిలో పన్నెట్ అనే ఆచార్యుడు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాడుకలోకి తెచ్చిన గళ్ళే. పైన తల్లి జన్యువులు రెండు, పక్కన తండ్రివి రెండు. ఒక గడిలో పూర్తిగా మంచి, రెండింట్లో సగం సగం, ఒకదానిలో జబ్బు. “నలుగురిలో ఒకరికి వస్తుందమ్మా” అన్నాను. మళ్ళీ గర్భం వస్తే పదకొండో వారంలో మాయ నుంచి చిటికెడు ముక్క తీసి హైదరాబాదు పంపి చూసుకోవచ్చనీ చెప్పాను. తలలూపారు. పిల్లాడికి మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించడం మొదలైంది.

రెండేళ్ళకి మళ్ళీ వచ్చారు. ఈసారి చేతిలో ఆరు నెలల ఆడపిల్ల. రెప్ప లాగి చూడక ముందే నాకు తెలిసిపోయింది. పరీక్ష ఎందుకు చేయించుకోలేదని గొంతు పెంచాను. డాక్టర్లం మన తప్పు కనబడబోయే ముందు అరుస్తాం. ఆ అమ్మాయి తల దించుకునే అంది: “నలుగురిలో ఒకరికే అన్నారు కదండీ. ఆ ఒక్కడూ వీడేగా?”

నేను చెప్పిన వాక్యంలో అబద్ధం లేదు. కానీ ఆ వాక్యాన్ని వాళ్ళు పద్దులా విన్నారు. నాలుగు బస్తాల్లో ఒకటి తడిసిపోయింది, మిగతా మూడూ పొడిగా ఉంటాయని. నాలుగోవంతు అనేది ప్రతి కాన్పుకీ మళ్ళీ మొదటి నుంచి లెక్క అన్న ముక్క నేను అనలేదు. నాకది అంత తేలిక విషయం కాబట్టి అనలేదు.

గ్రెగర్ మెండెల్ 1866లో అచ్చువేసిన బఠాణీల వ్యాసం తర్వాతెప్పుడో మళ్ళీ తీసి చూశాను. మనకి బడిలో చెప్పేది చివరి మొత్తమే: 5,474 గుండ్రటి గింజలు, 1,850 ముడతలవి, అంటే ఇంచుమించు మూడుకి ఒకటి. ఆయన అక్కడితో ఆగలేదు, విడివిడి మొక్కల లెక్కలూ ఇచ్చాడు. ఒక మొక్కలో 43 గుండ్రటివైతే ముడతలవి రెండే. ఇంకో మొక్కలో 14కి 15. మూడుకి ఒకటి అనేది ఏడువేల పైచిలుకు గింజలు ఒలిస్తే తేలిన సంగతి. నా ఎదుట కూర్చున్న కుటుంబం ఒక్క మొక్క. అందులోనూ రెండే గింజలు.

ఆ రోజు మళ్ళీ గళ్ళు గీయబోతే పెద్దావిడ కాగితం లాక్కుని చూసింది. “అష్టాచెమ్మా గీశావేంటి బాబూ?” అంది. కోపంగానే అంది. నాకు మాత్రం దారి దొరికింది. తల్లి ఒక పిక్క వేస్తుంది, తండ్రి ఒక పిక్క వేస్తాడు, రెండూ నల్లగా పడితేనే జబ్బు అన్నాను. ఆవిడ కాసేపు పెదవులు కదుపుతూ లెక్క వేసుకుంది. “అయితే కిందటిసారి ఎలా పడిందో పిక్కకేం గుర్తుంటుంది? చెమ్మ మీద చెమ్మ పడట్లేదా?” అంది. ఆ వెంటనే, “ఈ ముక్క మొదటే చెప్పొచ్చుగా!” అని కూడా అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఈ గళ్ళతో ఇంకో రకం తిప్పలూ చూశాను. ఒకాయన ఒంటరిగా వచ్చి తలుపు వేసి కూర్చున్నాడు. ఆయనది ఏ గ్రూపు, భార్యది బి, పుట్టినవాడిది ఓ. ఇంట్లో ఎవరో ఒక మాట అన్నారు. ఏ అని కనబడే మనిషి లోపల ఓ కూడా మోస్తుండొచ్చు, బి కూడా అంతే, ఆ దాగిన రెండూ కలిస్తే ఓ అని చూపించేసరికి ఆయన ముఖం తేటపడింది. మంచి నీళ్ళడిగి తాగాడు. గళ్ళు ఒప్పుకోకపోయినా తొందరపడకూడదని ఆయనకి చెప్పలేదు గానీ మా దగ్గర చదివే పిల్లలకి చెబుతాను. 1952లో బొంబాయిలో భెండే, ఆయన సహచరులు బయటపెట్టిన గ్రూపు ఒకటుంది. అది మామూలు పరీక్షలో ఓ అనే కనబడుతుంది. లోపల ఏ, బి జన్యువులు ఉన్నా, అవి పని చెయ్యడానికి కావలసిన పునాది పదార్థమే ఆ రక్తంలో ఉండదు. అలాంటి తండ్రికి ఏబీ పిల్ల పుట్టొచ్చు. బడిలో నేర్చిన గళ్ళు పట్టుకుని ఆడదాని శీలం తూచేవాళ్ళు ఇది తెలుసుకుంటే బాగుండును.

ఎక్కువమంది అడిగేది మాత్రం పిల్ల తెల్లగా పుడుతుందా అనే. కుంకుమపువ్వు డబ్బా సంచిలో ఉండగానే అడుగుతారు. రంగుకీ ఎత్తుకీ బోలెడు జన్యువులు చెయ్యి వేస్తాయి, వాటికి ఈ నాలుగు గళ్ళు చాలవు. నాలుక మడత పెట్టడం ఒకే జన్యువు పని అని మేమూ చదువుకున్నాం. కానీ ఒకే అండం నుంచి వచ్చిన కవలల్లో కూడా ఒక్కోసారి ఒకడు మడుస్తాడు, ఒకడు మడవలేడు.

ఆ కుటుంబం మూడోసారి గర్భం నిలవగానే తొమ్మిదో వారానికే వచ్చేసింది. రెండు పిక్కలు కొంగు ముడి విప్పి నా బల్ల మీద పెట్టింది పెద్దావిడే. “వచ్చినవాళ్ళకి వీటితో చెప్పు” అంది. ముందే దంపతుల జన్యువులో లోపం ఎక్కడుందో తేల్చి ఉంచాం కాబట్టి ముక్క తీసి పంపాక ఎక్కువ రోజులు పట్టలేదు. ఒకటి నలుపు, ఒకటి తెలుపు. అమ్మానాన్నల్లాగే క్యారియర్.

ఆవిడ తన రక్తం కూడా చూడమంది. అక్కర్లేదన్నా వినలేదు. ఏ2 ఐదు దగ్గరే వచ్చింది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, “అంటే నేను వేసిన పిక్కేనన్నమాట” అంది. మీరు వెయ్యలేదమ్మా, పడింది అన్నాను. విన్నట్టు లేదు.

మూడోది ఆడపిల్ల. ఇప్పుడు బడికి వెళ్తోంది. అన్నకీ అక్కకీ రక్తం ఎక్కించే రోజున తనూ వచ్చి వాళ్ళ మంచాల మధ్య కూర్చుంటుంది. పెద్దావిడ పొద్దున్నే దాని కింది రెప్ప లాగి చూశాక గానీ జడ వెయ్యదట.