జలుబేగా అనుకోకండి

పసిబిడ్డకు ముక్కు కారితే “జలుబేగా, అదే తగ్గుతుంది” అంటారు మీరు. ఒకప్పుడు నేనూ అన్నాను.

పాతికేళ్ళ కిందటి మాట. దివిసీమలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. కార్తీకమాసంలో ఒక తల్లి నాలుగు నెలల బిడ్డను తెచ్చింది. జలుబు, కొద్దిగా దగ్గు. “భయం లేదమ్మా” అని మందు రాసి పంపేశాను. మర్నాటి రాత్రి మళ్ళీ వచ్చింది. బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నాడు, పాలు తాగడం లేదు. బందరు పంపి ఆక్సిజన్ పెట్టిస్తే బతికాడు. మొదటి రోజే చొక్కా ఎత్తి, ఒక్క నిమిషం ఊపిరి లెక్కపెట్టకపోవడం నా తప్పు.

ఆ జబ్బును బ్రాంకియోలైటిస్ అంటారు. ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు వాచి, గాలి ఆడదు. దీనికి ముఖ్య కారణం ఆర్.ఎస్.వి. అనే వైరస్. రెండేళ్ళు నిండేలోగా దాదాపు ప్రతి బిడ్డకూ ఇది సోకుతుంది. చాలామందికి జలుబుతోనే పోతుంది. ఆరు నెలల లోపు పిల్లలకే ఎక్కువ ప్రమాదం.

ఇంత మామూలు వైరస్ మీద ప్రపంచమంతా నిఘా ఎందుకంటారా? ఫ్లూ సంగతి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952 నుంచి దేశదేశాల రోగుల ముక్కు, గొంతు నమూనాలు పరీక్ష చేయిస్తోంది. ఆ లెక్కలను బట్టే ఏడాదికి రెండుసార్లు ఫ్లూ టీకాలో ఏ రకాలు ఉండాలో నిర్ణయిస్తారు. ఆర్.ఎస్.వి.కీ ఇలాంటి లెక్క మొదలుపెట్టినప్పుడు, తొలి విడత 14 దేశాల్లో మన దేశమూ ఉంది. ఏ నెలల్లో ఎక్కువో, ఏ వయసువారికి ముప్పో తెలిస్తేనే టీకా ఎవరికి, ఎప్పుడు వేయాలో తెలుస్తుంది. పుట్టబోయే బిడ్డకు రక్షణగా గర్భిణులకు వేసే టీకాను 2023లో అమెరికా అనుమతించింది. కనుక ఆసుపత్రిలో బిడ్డ ముక్కు నుంచి నమూనా తీస్తామంటే భయపడకండి.

ఇంట్లో మీరు చేయవలసిన లెక్క ఒకటుంది. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట కదలిక చూస్తూ, గడియారం పెట్టుకుని నిండుగా నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40, లేదా అంతకు మించితే జబ్బు ముదురుతున్నట్లే. డొక్కలు ఎగరేసినా, పాలు మానేసినా, పెదవులు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగకండి. గుడివాడో, బందరో, దగ్గరున్న పెద్దాసుపత్రికి వెంటనే తీసుకువెళ్ళండి.

ముక్కులో నూనె పోయకండి. వాతలు పెట్టించకండి. మిగిలిపోయిన యాంటీబయాటిక్ పట్టకండి, అది వైరస్‌పై పనిచేయదు. తల్లిపాలు మానిపించకండి. జలుబున్న పెద్దవాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కోనిదే బిడ్డను ఎత్తుకోవద్దు, ముద్దు పెట్టుకోవద్దు.