దిండిలో నా మేనేజరు గిరీ

బాబాయికి మోకాలి ఆపరేషన్ అయ్యిందని, ఈ వేసవి రెండు నెలలూ వర్క్ ఫ్రం హోం పెట్టుకుని, దిండిలో ఆయన ఆరు గదుల లాడ్జి నేనే చూశాను.

ఎదురుగా వశిష్ఠ గోదావరి, చుట్టూ కొబ్బరితోటలు. స్వర్గమే అనుకున్నా. తీరా చూస్తే పొద్దస్తమానం మోటారు, జనరేటరు, దుప్పట్ల లెక్క! అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే నది కదా, పోటుకి ఉప్పునీళ్ళు ఎగదన్నుతాయి. ఇంత నది ముందు పెట్టుకుని తాగడానికి టిన్నులు కొన్నాం.

వచ్చేసేరోజు బాబాయి తాళాలగుత్తి నా చేతిలో పెట్టి, "నా తరవాత ఎవరు చూస్తార్రా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలీక మళ్ళీ మేకుకే తగిలించేశాను.

బస్సు చించినాడ వంతెన దాటుతుంటే ఫోన్ చేశాను, మోటారు ఆపారా అని. ఆయన అడిగినదానికి మాత్రం ఇంకా జవాబు చెప్పలేదు.